యతెంగా గ్రామముల స్వయంకృషి

పశ్చిమాఫ్రికాలో, సహారా ఎడారికి దక్షిణపు అంచున, బుర్కినా ఫాసో అను దేశము కలదు. 1960 వ సంవత్సరమున ఫ్రెంచి పాలననుండి స్వాతంత్ర్యము పొందిన ఈ దేశమునకు 1984 వరకు అప్పర్ వోల్టా అని పేరు. దీనికి సముద్రతీరము లేదు. దేశపు ఉత్తర భాగమున, మన జిల్లాను బోలిన యతెంగా అను ప్రావిన్సు ఉన్నది. దాని ముఖ్యపట్టణము వాహిగూయా. ప్రజలలో అధిక సంఖ్యాకులు మోసీ జాతివారు. వారి భాష మోరే.

అచ్చటి రైతు పండించు పంటలు మనకు క్రొత్తవి కావు. జొన్న, సజ్జ, అలసంద అతని ముఖ్యమైన పైరులు. ఈ మూడింటికిని ఆఫ్రికా ఖండమే పుట్టినిల్లు. వేల సంవత్సరముల క్రిందట అవి అచ్చటినుండియే మన దేశమునకు వచ్చినవి. వర్షములు జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియును. సంవత్సర వర్షపాతము సాధారణముగా 500 నుండి 700 మిల్లీమీటర్లు. మన అనంతపురము ప్రాంతపు రైతు ఎరిగిన వర్షమునకు ఇది మిక్కిలి దూరము కాదు. తక్కిన నెలలలో చినుకు రాలుట అరుదు.

ఇట్టి ప్రాంతమున పేదరికమును తగ్గించుటకు గ్రామస్థులును, వారి సంఘములును, వారికి తోడ్పడిన స్వచ్ఛంద సంస్థలును చేసిన కృషి గ్రామ పంచాయతీల బాధ్యత వహించినవారు తెలిసికొనదగినది. ఒకే నేలపై ఒక పని విఫలమై, అదియే పని మరియొక విధమున సఫలమైన చరిత్ర ఇందు కలదు.

కరవు మిగిల్చిన నేల

1968 నుండి 1973 వరకు సహారా దక్షిణపు అంచునగల దేశములన్నియు ఘోరమైన కరవు ననుభవించినవి. యతెంగాలో పశువులు చచ్చినవి; బావు లెండినవి. అంతకు పూర్వమే జనసంఖ్య పెరిగి, పొలమును కొన్ని సంవత్సరములు బీడుగా విడిచి బలము పుంజుకొననిచ్చు పాత ఆచారము సన్నగిల్లినది. చెట్లు వంటచెరకుగా తరిగిపోయినవి. పైమన్ను గాలికిని, వాననీటికిని కొట్టుకొనిపోగా, క్రింది నేల పెంకువలె గట్టిపడినది. ఇట్టి నేలను అచ్చటివారు 'జిపెల్లే' అందురు. దానిపై కురిసిన వాన లోని కింకదు. క్షణములో వాగు పాలగును.

పంట చేతికి వచ్చినను రాకున్నను, కోతల కాలము ముగియగానే యువకులు దక్షిణమున నున్న ఐవరీ కోస్టు దేశపు కోకో, కాఫీ తోటలకు కూలికి పోవుచుండిరి. ఇంటివద్ద వృద్ధులు, స్త్రీలు, పిల్లలు మిగులుచుండిరి. మన పాలమూరు వలస నెరిగినవారికి ఈ స్థితిని వేరుగ వర్ణింప నక్కరలేదు.

యంత్రములు కట్టిన గట్లు

నేలకోతను ఆపవలెనను ఆలోచన కరవుకు ముందే కలిగినది. 1962 నుండి 1965 వరకు విదేశీ సహాయముతో యతెంగాలో గొప్ప పథక మొకటి నడిచెను. పెద్ద పెద్ద యంత్రములు వచ్చి, వాగుల పరీవాహక ప్రాంతమునంతను ఒక్కటిగా లెక్కించి, సుమారు 1,20,000 హెక్టార్ల భూమిపై మట్టిగట్లు కట్టినవి. కొలతలు వేసినవారు నిపుణులైన ఇంజనీర్లు. పని వేగముగా జరిగినది.

కాని గట్టు ఎచ్చట రావలెనో ఆ పొలపు రైతు నడిగినవారు లేరు. యంత్రము ఒకరి చేనును రెండుగా చీల్చెను; మరియొకరి కాలిబాటకు అడ్డు వచ్చెను. తన చేనిలోనికి పైనుండి పారి వచ్చు నీరు తనకు కావలెనని రైతు కోరుచుండగా, గట్టు ఆ నీటిని ప్రక్కకు మళ్లించెను. అందువలన రైతు గట్టును తనదిగా భావింపలేదు. వానలకు గండి పడినపుడు పూడ్చలేదు; పశువులు త్రొక్కినపుడు అడ్డుకొనలేదు. కొన్ని సంవత్సరములలోనే అధిక భాగము శిథిలమైపోయెను. నిపుణతకు లోపము లేదు, ధనమునకు లోపము లేదు. గ్రామపు సమ్మతి మాత్రము లేకపోయెను.

పాత కట్టుబాటు, క్రొత్త పని

ఆ కాలముననే బెర్నార్డ్ లెదెయా వెద్రావొగో అను ఉపాధ్యాయుడు యతెంగా గ్రామములలో విద్యాధికారిగా తిరుగుచుండెను. ఆయన ఆ ప్రాంతమునందే పుట్టిన మోసీ జాతీయుడు. పైనుండి ఏర్పరచిన రైతు సంఘములు పుస్తకములలో పేర్లుగా మిగులుటయే గాని పని చేయకుండుట ఆయన గమనించెను. గ్రామస్థులకు సంఘటిత జీవన మలవాటు లేదా అని విచారింపగా, తరతరములుగా వచ్చు కట్టుబాటు ఒకటి కనబడెను. దానిని 'కొంబి-నామ్' అందురు.

వర్షకాలమున గ్రామమందలి యువతీ యువకులు ఒక సంఘముగా చేరి, ఇతరుల పొలములలో కలుపు తీయుట, కోత కోయుట మున్నగు పనులు కూలికి చేయుదురు. వారిలో నాయకుల నెన్నుకొందురు. ఈ ఎన్నికయందు కులగౌరవమును గాని ధనమును గాని చూడరు. పనితనమును, నడవడికను చూచెదరు. గ్రామపెద్ద కుమారుడును, సామాన్యుని కుమారుడును అందు సమానులు. సంపాదించిన ధనముతో పంట యిల్లు చేరిన పిమ్మట అందరును కలిసి పండుగ చేసికొందురు.

వెద్రావొగో ఈ కట్టుబాటును మార్పక, దాని ఫలితమును మాత్రము మార్చుట మంచిదని తలచెను. పండుగకు పోవు సొమ్ములో అధిక భాగమును ఒక బావికో, ఒక తోటకో, ఒక పిండిమరకో వినియోగించినచో నేమి? ఈ ఆలోచనతో 1967 వ సంవత్సరమున మొదటి నామ్ సంఘము లేర్పడినవి. గ్రామము ఎట్లున్నదో, ఏమి ఎరుగునో, ఏమి కోరుచున్నదో అచ్చటనుండియే పని మొదలిడవలెనన్నది వారి నియమము. ఉన్నదానిని చెడగొట్టక అభివృద్ధి చేయవలెనన్నది వారి ఆశయము. కాలక్రమమున ఈ సంఘములు వేలసంఖ్యకు పెరిగి ఒక సమాఖ్యగా కూడినవి. 1990 వ సంవత్సరమున వెద్రావొగోకు స్వీడన్ దేశమునుండి రైట్ లైవ్లీహుడ్ బహుమతి లభించెను.

ఎండకాలపు పని

యువకుల వలసకు మూలము ఎండకాలమున పని లేకపోవుటయే. కనుక ఆ కాలమునే పనికాలముగా చేయుటకు వెద్రావొగోయు, బెర్నార్డ్ లకోంత్ అను ఫ్రెంచి మిత్రుడును కలిసి 1976 లో ఒక సంస్థను స్థాపించిరి. సాహెల్ ప్రాంతమున ఎండకాలమును వినియోగించుకొనుట అను అర్థమిచ్చు దాని ఫ్రెంచి పేరులో 'ఎస్' అక్షరముతో మొదలగు పదము లారు ఉన్నందున, దానిని సిక్స్-ఎస్ అని పిలిచిరి. పశ్చిమాఫ్రికా దేశములలో పెక్కింటిలో ఇది పనిచేసెను.

ఈ సంస్థ ధనమిచ్చు పద్ధతి గమనింపదగినది. సాధారణముగా దాతలు ఇంత బావికి, ఇంత బడికి అని ముందే నిర్ణయించి ధన మిత్తురు. సిక్స్-ఎస్ అట్లు కాక, ఏ పని ముందు, ఏ పని వెనుక అను నిర్ణయమును సంఘములకే విడిచెను. అయితే సంఘము ముందుగా తన శ్రమనో సొమ్మునో పెట్టి, పని చేయగల శక్తిని నిరూపింపవలెను. పిమ్మటనే బయటి ధనము కొంత సహాయముగను, కొంత ఋణముగను వచ్చుచుండెను. లెక్కలు సంఘసభ్యుల యెదుట చెప్పవలెను.

నీళ్ల గొట్టము

1979 లో ఆక్స్‌ఫామ్ అను స్వచ్ఛంద సంస్థ యతెంగాలో వ్యవసాయ-అటవీ పథకము నొకటి ప్రారంభించెను. చెట్లు పెంచుటయే దాని మొదటి ఉద్దేశము. నీరు నిలుచుటకు చిన్న చిన్న కట్టలు వేసి, వానియందు మొక్కలు నాటించిరి. కొలది కాలమునకు ఒక సంగతి బయటపడినది. రైతులు ఆ కట్టలలో నీరు నిలిచిన చోట్ల జొన్నను విత్తుచుండిరి. వారికి మొదట కావలసినది తిండిగింజ. సంస్థవారు తమ పట్టును విడిచి రైతుల ఉద్దేశము ననుసరించిరి. పథకపు చరిత్రలో ఇదియే మేలు మలుపు.

పొలమున వాలుకు అడ్డముగా రాళ్లు పేర్చుట ఆ రైతులకు పూర్వమునుండి తెలిసినదే. కాని వాలు మిక్కిలి స్వల్పమైనచోట సమానమైన ఎత్తుగల బిందువులను కంటితో గుర్తించుట సాధ్యము కాదు. రాతివరుస కొంచెము వంకర పోయినను నీరు ఒకే చోట చేరి దానిని త్రోసివేయును. సమానమైన ఎత్తున సాగు గీతను కాంటూరు అందురు. దానిని కనుగొనుటకు సర్వేయరును, అతని దుర్భిణీయంత్రమును కావలెనని అందరును తలచుచుండిరి.

దీనికి పథకమువారు కనుగొన్న సాధనము సులభమైనది. మన మేస్త్రీలు పునాది మట్టము చూచుటకు నీళ్ల పైపును వాడుదురు గదా. పది మొదలు ఇరువది మీటర్ల పారదర్శకమైన పైపునందు నీరు పోసి, రెండు కొనలను రెండు కర్రలకు కట్టి, ఇద్దరు రైతులు పట్టుకొందురు. రెండు కర్రలపైనను నీరు ఒకే గుర్తువద్ద నిలిచినచో ఆ రెండు చోట్లు సమానమైన ఎత్తున నున్నవని అర్థము. అచ్చట గీత గీసి, మొదటివాడు ముందునకు నడచును. చదువు రానివారును ఒకటి రెండు దినములలో ఈ పనిని నేర్చుకొనిరి. సాధనమునకు వ్యయము అత్యల్పము.

ఈ గీతపై పేర్చిన రాతివరుస జానెడు ఎత్తు కంటె మించదు. అది నీటిని పూర్తిగా ఆపదు; వేగమును తగ్గించి, చేనంతట పరచి, రాళ్ల సందులనుండి మెల్లగా పోనిచ్చును. మన్ను, ఆకులు, పెంట వరుసకు పైభాగమున నిలిచిపోవును. మట్టిగట్టువలె ఇది తెగిపోదు; క్రింది రైతునకు నీరు అందకుండ చేయదు. పురుషులును స్త్రీలును కలిసి గుంపుగా పనిచేసిరి. స్త్రీలు రాళ్లను తలపై మోసిరి. రాళ్లు దూరమున నున్నచోట సంస్థలు లారీల నిచ్చినవి. 1980 దశకము ముగియునాటికి నాలుగు వందలకు పైగా గ్రామములలో వేలకొలది హెక్టార్లపై రాతివరుస లేర్పడినవి.

జాయి గుంటలు

రాతివరుసలతో పాటు ప్రాకినది 'జాయి' అను పద్ధతి. ఎండకాలముననే గట్టినేలలో జానెడు వెడల్పును, అరజానెడు మొదలు జానెడు వరకు లోతును గల గుంటలు వేలకొలది త్రవ్వి, ఒక్కొక్కదానిలో పిడికెడో రెండు పిడికెళ్లో పశువుల ఎరువు వేయుదురు. ఎరువు వాసనకు చెదపురుగులు చేరి నేలలో సన్నని రంధ్రములు చేయును. తొలకరి జల్లు గుంటలో నిలిచి ఆ రంధ్రముల గుండ లోనికి దిగును. విత్తనము అందులోనే వేయుదురు. వానలు మధ్యలో మొగము చాటు చేసినను పైరు కొన్ని దినములు తాళుకొనును. మనము శత్రువుగా తలచు చెదపురుగు అచ్చట నాగలి పని చేయుచున్నది.

ఇది పాత పద్ధతియే. దీనిని మెరుగుపరచి ప్రచారము చేసినవారిలో ముఖ్యుడు గూర్గా గ్రామపు రైతు యాకూబా సవాడోగో. 1980 ప్రాంతమున, కరవు బాధ తీరని దినములలో, ఆయన గుంటలను వెడల్పుగను లోతుగను చేసి, ఎరువు చేర్చి చూచెను. ఎండకాలమున పొలము త్రవ్వుట ఆచారవిరుద్ధమని చుట్టుప్రక్కలవారు ఆయనను పిచ్చివానిగా భావించిరి. ఆయన పెంచిన చెట్లకు నిప్పు పెట్టినవారును కలరు. ఆయన మరల నాటెను. ఎరువుతోపాటు గుంటలో పడిన చెట్ల గింజలు మొలకెత్తగా వానిని పీకివేయక కాపాడి, బీడును అడవిగా మార్చెను. 1984 నుండి సంవత్సరమునకు రెండు పర్యాయములు తన గ్రామమున రైతుల కూటములు జరిపెను. పంటకు ముందు విత్తనముల మార్పిడి, పంటకు తరువాత అనుభవముల మార్పిడి అచ్చటి కార్యక్రమము. 1992 లో ఉసేనీ జొరొమే అను మరియొక రైతు బాటప్రక్కనున్న గులకనేలలో 'జాయి పాఠశాల'ను ప్రారంభించెను. రైతులు రైతులకే గురువులైరి. సవాడోగోకు 2018 లో రైట్ లైవ్లీహుడ్ బహుమతి వచ్చెను; 2023 డిసెంబరులో ఆయన మరణించెను.

ఏ గింజయు పండని నేలపై, వానలు తక్కువైన సంవత్సరమున హెక్టారునకు 300 నుండి 400 కిలోలును, మంచి సంవత్సరమున 1,500 కిలోల వరకును ధాన్యము లభించినట్లు పరిశోధకులు కనుగొనిరి. యతెంగాయు దాని పొరుగు ప్రాంతములును చేరియున్న మధ్య పీఠభూమిలో, ఇట్టి పద్ధతులచే మూడు దశాబ్దములలో రెండు మొదలు మూడు లక్షల హెక్టార్ల భూమి తిరిగి సాగునకు వచ్చెనని అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ 2009 లో ప్రకటించిన గ్రంథము తెలుపుచున్నది. పెక్కు గ్రామములలో బావుల నీటిమట్టము పెరిగెను.

గాదెలు, పిండిమరలు

పండించుట యెంత ముఖ్యమో, పండినదానిని నిలుపుకొనుట అంత ముఖ్యము. పేద రైతు కోతలయిన వెంటనే అప్పులు తీర్చుటకు ధాన్యమును చౌకగా అమ్మును. వానకాలమున, గాదె ఖాళీయై, పనులు మెండుగా నున్న సమయమున అదే ధాన్యమును అధికమైన ధరకు కొనును. ఈ నష్టమును తప్పించుటకు నామ్ సంఘములు ధాన్యపు బ్యాంకులను నెలకొల్పినవి. కోతలనాడు సంఘము కొని నిలువజేయును. కొరత నెలలలో న్యాయమైన ధరకు సభ్యులకు అమ్మును. వచ్చిన సొమ్ము మరుసటి సంవత్సరపు కొనుగోలునకు మూలధనము.

సాహెల్ ప్రాంతమున ఇట్టి బ్యాంకులు పెక్కు మూతపడినవని కూడ చెప్పవలెను. బంధుత్వములు చూచి అరువిచ్చిన చోట ధాన్యము తిరిగి రాలేదు. లెక్కలు ఒకరి చేతిలోనే యున్నచోట మూలధనము కరిగిపోయెను. గాదె కట్టుట సులభము. గాదె తాళపుచెవిని నమ్మకముగా ఉంచుటయే కష్టము.

స్త్రీల సంఘములు పిండిమరలను, కూరగాయల తోటలను నడిపినవి. జొన్నలను రాతిపై నూరుటకు ప్రతిదినము గంటల కొలది శ్రమపడు స్త్రీకి, మర వచ్చుట వలన కలిగిన తెరిపి ఎంతటిదో మన తల్లులు చెప్పగలరు. నామ్ సమాఖ్య నెలకొల్పిన పొదుపు-ఋణ వ్యవస్థకు 'బావోరే' అని పేరు పెట్టిరి. మోరే భాషలో ఆ మాటకు గాదె అని అర్థము. సొమ్ము దాచుట యనగా ధాన్యము దాచుట వంటిదేనని ఆ పేరు చెప్పకయే చెప్పును.

తీరని కొరతలు

ఇంత కృషి జరిగినను యతెంగాలో పేదరికము తొలగిపోయినదని చెప్పుట సత్యము కాదు. జాయి గుంటలకు ఎరువు కావలెను. ఎరువునకు పశువులు కావలెను. పశువులున్న కుటుంబము ముందడుగు వేసినంత సులభముగా లేని కుటుంబము వేయలేదు. గుంటలు త్రవ్వుటకు హెక్టారునకు వందల గంటల శ్రమ పట్టును. పనిచేయగల చేతులు తక్కువైన ఇంటికి అది భారము. భూమి బాగుపడిన కొలది దానిపై ఇతరుల కన్ను పడును. సవాడోగో పెంచిన అడవిలో కొంత భాగము, వాహిగూయా పట్టణము విస్తరించినపుడు ఇండ్ల స్థలముల క్రిందికి పోయెను. ఎవరి శ్రమచే నేల విలువ పెరిగినదో వారికి ఆ నేలపై హక్కు వ్రాతమూలముగ లేకున్న ఫల మెట్లు చేజారునో దీనివలన తెలియును.

అన్నింటికంటె గొప్ప విఘాతము అశాంతి. 2015 నుండి సాయుధ ముఠాల దాడులు దేశమున ప్రబలినవి. 2023 మార్చి నాటికి బుర్కినా ఫాసోలో ఇల్లు విడిచిన వారి సంఖ్య ఇరువది లక్షలు దాటినది. యతెంగాలోను గ్రామములు ఖాళీ చేసి ప్రజలు వాహిగూయా చేరిరి. రాతివరుసలు పొలమున నున్నవి. దున్నువారు శిబిరములలో నుండిరి. శాంతి లేనిదే ఏ సంఘకృషియు పూర్ణఫలము నీయదు.

మనము గ్రహింపదగినది

యతెంగాలో 1962 లోను గట్లు వేసిరి, 1980 లోను గట్లు వేసిరి. నేల అదే, వాన అదే, వాలు అదే. మొదటివి యంత్రములు కట్టినవి, శిథిలమైనవి. రెండవవి రైతులు తమ చేతులతో పేర్చినవి, నిలిచినవి. ఒకటి రాయి, ఒకటి మన్ను అగుట కొంత కారణమే గాని, గండి పడిన మరునాడు పూడ్చుటకు మనిషి ఉండుట అంతకంటె గొప్ప కారణము. కొలత ఎచ్చట తీయవలెనో తానే నిర్ణయించిన రైతు, రాయి జారిపోయినపుడు తానే తిరిగి పెట్టును.

పంచాయతీకి ఒక పని మంజూరైనపుడు, అంచనాలు, కొలతలు, చెల్లింపులు మన దృష్టిని ఆకర్షించుట సహజము. వానితోపాటు కొన్ని ప్రశ్నలను మన సభలలో వేసికొనుట మంచిది. ఈ గట్టు ఎవరి చేనిగుండ పోవుచున్నది, ఆ రైతు నడిగితిమా? మూడవ సంవత్సరమున దీనికి మరమ్మతు చేయువా రెవరు? దీనివలన పశువులు లేని ఇంటికి, కూలిపై బ్రతుకు ఇంటికి కలుగు లాభ మేమి? మన యూరిలో ఇదివరకే ఉన్న ఏ సంఘమునకు, ఏ కట్టుబాటునకు ఈ పనిని అప్పగింపవచ్చును? దీని లెక్కలు ఎవరి యెదుట చదువబడును?

ఈ ప్రశ్నలకు సమాధానము దొరకని పనిని ప్రారంభించుటకు ముందు గ్రామసభను మరియొక పర్యాయము సమావేశపరచుట వలన నష్టము లేదు. అందుకు పట్టునది ఒక సాయంకాలము. యతెంగాలో ఆ సాయంకాలమును వెచ్చింపనందున 1,20,000 హెక్టార్ల గట్లు మట్టిలో కలిసినవి.